ఎర్రంగీల వాళ్లతో ఆట

ఆదివారం సాయంత్రం

అత్తమ్మకు నీ కోడలు మమత దండం పెట్టి రాస్తున్నది,

విమానం దిగి హోటల్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అన్నం మన అన్నంలాగే ఉంది కానీ కూరలన్నీ తియ్యగా ఉన్నాయి. క్యాంపుకు వచ్చేటప్పుడు నువ్వు కట్టిచ్చిన కారప్పొడి ఇన్నాళ్లూ దాచుకున్నాను, ఇక్కడ సీసా తెరవక తప్పలేదు. తెరిచిన దగ్గర్నుంచి భోజనాల దగ్గర నా పక్క కుర్చీకి కొట్లాటలే. మా గోల్‌కీపర్ గ్లోరీ నా గదిలోనే ఉంటుంది, మిజోరం పిల్ల. ఆ పొడి రొట్టె మీద చల్లుకుని, కళ్లు తుడుచుకుంటూ, ఇంకొంచెం వెయ్యమని అడుగుతోంది.

ఫోన్లున్న కాలంలో ఉత్తరాలేమిటని నీ కొడుకు విజేందర్ వెక్కిరించాడు. మరి వీడియో కాల్ వద్దన్నది నువ్వే కదా. "ఫోన్ల నీ మొఖం చూస్తే పిల్ల రాత్రంత ఏడుస్తాంది. జర ఓపిక పట్టు బిడ్డా, దాన్ని నిమ్మళం కానియ్యి" అన్నావు. నేను ఇల్లు వదిలి నెల దాటింది, నీ మాట ఒక్కసారి కూడా దాటలేదు. ఆయనతో మాట్లాడినా కంపెనీలో డ్యూటీ మీద ఉన్నప్పుడే మాట్లాడుతున్నాను. నా గొంతు ఇంట్లో వినబడితే తన్వి వెతుక్కుంటుందని భయం. అందుకే ఇలా కాగితం మీద రాసి, ఫోటో తీసి ఆయనకు పంపుతాను. ఆయన వచ్చేదారిలో జడ్చర్ల బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో అచ్చు తీయించి నీ చేతికిస్తాడు. నీకంటే ముందు తనే చదివేస్తాడని నాకు తెలుసు. చదవనీ.

బయల్దేరే రోజు నువ్వడిగిన ప్రశ్నకు హడావుడిలో సరిగ్గా జవాబు చెప్పలేదు. "గీడ గెలిస్తే కప్పు ఇస్తరా?" అన్నావు. ఇవ్వరు అత్తమ్మా. ఇక్కడ గెలిస్తే, కప్పు కోసం ఆడే చోటికి రానిస్తారు, అంతే. నవ్వొద్దు. ఆసియాలో ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్లున్న దేశాలు చాలా ఉన్నాయి. అందర్నీ ఒక్కచోట కూడేస్తే ఆ పోటీ ఎప్పటికీ తెమలదు. అందుకని పోయినసారి పైన నిలిచినవాళ్లనూ, ఈసారి పోటీ జరిపించే దేశాన్నీ నేరుగా తీసుకుంటారు. మిగిలినవాళ్లను గుంపులుగా విడగొట్టి ఒక్కో గుంపును ఒక్కో దేశంలో ఆడిస్తారు. మా గుంపులో నాలుగు జట్లు. ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఆడాలి. గెలిస్తే మూడు పాయింట్లు, సమానంగా ముగిస్తే ఒకటి, ఓడితే ఏమీ లేదు. అన్నీ అయ్యాక పైన నిలిచిన ఒక్క జట్టుకే ఆసియా కప్పు ఆడే అర్హత. రెండో స్థానంలో ఉన్నవాళ్లు మన్నించమన్నా ఇంటికే. విజేందర్ కానిస్టేబుల్ ఉద్యోగానికి ముందు ప్రిలిమ్స్ రాసి, తర్వాత పరుగుకు వెళ్లాడు చూడు, అలాంటిదే. పాపం ఆయన పరుగులోనే తప్పాడు. నన్ను కట్టుకున్నాక ఆ సంగతి ఎవరైనా ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోతాడు.

దేశాల పేర్లు రాస్తే నువ్వెలాగూ గుర్తుపెట్టుకోవు. టీవీ ముందు కూర్చుని నువ్వు పెట్టే పేర్లే నేనూ వాడతాను. తెల్లంగీల వాళ్లు, పచ్చంగీల వాళ్లు, ఎర్రంగీల వాళ్లు. ఎర్రంగీల వాళ్లది ఈ దేశమే. ఇక్కడి మైదానం, ఇక్కడి జనం, ఇక్కడి ఉక్కపోత అన్నీ వాళ్లవే. అందరిలోకి గట్టివాళ్లు కూడా. వాళ్లతో ఆట చివర్లో ఉంది.

ఇంకో మాట. ఇది ఆయన చదివినా సిగ్గుపడను. పాలు ఇంకా పూర్తిగా ఇంకిపోలేదు. తన్వికి పాలు మాన్పించిన వారం నువ్వు నా ఎదకు మల్లెపూలు కట్టేదానివి. ఆ వాసనకు తలనొప్పి వస్తోందని నేను విసుక్కుంటే, "నొస్తే నొయ్యనియ్యి, గడ్డలు కడితె గప్పుడు తెలుస్తది" అని గదిమేదానివి. ఇక్కడ ఫిజియో అమ్మాయి క్యాబేజీ ఆకులు ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తోంది. పని చేస్తున్నాయి కానీ నాకు నీ మల్లెపూలే నయమనిపించింది. తన్వి ఈడు పిల్లలెవరైనా ఏడిస్తే చాలు, ఎక్కడున్నా లోపల్నుంచి గుంజుతుంది. ఇవాళ ఎయిర్‌పోర్టులో అదే జరిగింది. పిల్ల ఎవరిదో, దేశం ఏదో, నా జాకెట్ మాత్రం తడిసింది.

తన్వి ఏం తింటోంది? జావ తాగుతోందా? మూతి తిప్పుకుంటే కొంచెం బెల్లం వెయ్యి. నా మీద బెంగ తగ్గిందా? తగ్గిందంటే సంతోషం. తగ్గలేదన్నా, నిజం చెప్పనా, సంతోషమే. ఎంత పాడు మనసో చూడు నాది.

నీ కోడలు
మమత

*

గురువారం సాయంత్రం

అత్తమ్మా,

రెండు ఆటలూ గెలిచాం. టీవీలో చూశారని ఆయన చెప్పాడు. గుర్వమ్మ పిన్ని వాళ్లింటి నుంచి కుర్చీలు కూడా తెచ్చుకున్నారట కదా.

తెల్లంగీల వాళ్ల మీద తొమ్మిది గోల్స్ వేశాం. నీకు ముచ్చటగానే ఉండి ఉంటుంది కానీ, ఐదో గోల్ తర్వాత నాకు చాలనిపించింది. వాళ్ల గోల్‌కీపర్ ఇంకా చదువుకునే పిల్లలా ఉంది. వలలో నుంచి బంతి తీసిన ప్రతిసారీ తన జట్టు వైపు చూడలేక నేల చూసుకుంటోంది. మా కోచ్ మేడమ్ మాత్రం గీత అవతల నుంచి ఆగొద్దు, ఆగొద్దు అని గొంతు పోయేలా అరుస్తోంది. ఆమె కఠినురాలు కాదు. ఇక్కడి లెక్క అలాంటిది. రెండు జట్లకు పాయింట్లు సమానమైతే ముందు వాళ్లిద్దరి మధ్య జరిగిన ఆట చూస్తారు. అదీ సమానమైతే ఎవరు ఎన్ని గోల్స్ వేశారు, ఎన్ని తిన్నారు అని తీసివేసి చూస్తారు. ఇవాళ జాలిపడి ఒక గోల్ వదిలేస్తే రేపు ఆ ఒక్క గోల్ కోసమే ఇంటికి పోవలసి రావచ్చు. ఆట అయ్యాక గ్లోరీ వెళ్లి ఆ పిల్లకు తన గ్లవ్స్ ఇచ్చేసింది. అవి గ్లోరీకి ఉన్న మంచి జత.

పచ్చంగీల వాళ్లు మమ్మల్ని చాలాసేపు తిప్పలు పెట్టారు. వాళ్ల ముందువరుస పిల్ల ఒకతి జింకలా ఉరుకుతుంది, దాన్ని ఆపడమే నా పని. కట్టంగూరులో మా నాయిన బర్రెను ఆపినట్టు చేతులు చాచి అడ్డం నిలబడ్డాను. నిలబడితే చాలు డిఫెండర్‌కు, తొందరపడి కాలు పెడితేనే మోసపోతుంది. మూడు గోల్స్‌తో బయటపడ్డాం.

ఇప్పుడు మాకూ ఎర్రంగీల వాళ్లకూ పాయింట్లు సమానం. శనివారం మా ఇద్దరికే ఆట. గోల్స్ లెక్కలో మేం ముందున్నాం కాబట్టి గెలవకపోయినా ఫరవాలేదు, ఓడకపోతే చాలు. వినడానికి సులువుగా ఉంటుంది. కానీ ఓడకుండా ఉండడానికి ఆడే ఆట గెలవడానికి ఆడే ఆట కన్నా కష్టం అత్తమ్మా. గడియారం కదలదు.

ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టాను. రాయాలనుకున్నది ఇది కాదు. మొన్న జరిగింది నీకు చెప్పకుండా శనివారం మైదానంలోకి దిగలేను.

మొన్న విజేందర్‌తో మాట్లాడుతున్నాను. కంపెనీలో ఉన్నాడనుకున్నాను, తీరా చూస్తే ఇంటికి వచ్చి వాకిట్లో బండి ఆపుతున్నాడు. వెనక నుంచి తన్వి గొంతు వినబడింది. "అమ్మా" అంది. నేను వచ్చేటప్పటికి దానికి ఆ మాట సగమే వచ్చేది, మూతి ముడిచి "మ్మ" అనేది. ఇప్పుడు నిండుగా, గట్టిగా, ఎవరో ఎదురుగా ఉన్నట్టు పిలిచింది. నా గొంతు దానికి ఎలా వినబడిందా అనుకున్నాను. ఇయర్‌ఫోన్ పెట్టుకోలేదేమో ఈయన, దానికి నేను గుర్తున్నాను అనుకున్నాను. ఒళ్లంతా ఝల్లుమంది. అంతలో నీ గొంతు వినబడింది. "ఆఁ, వస్తున్న బిడ్డా, గీడనే ఉన్న." అది కిలకిలా నవ్వింది.

నేను ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ పోయిందని ఆయనకు మెసేజ్ పెట్టాను. ఇప్పుడు ఇది చదివి ఆయనకూ తెలుస్తుంది.

నిన్ను నేను ఒక్క మాట అనడం లేదు. అనే హక్కు నాకు లేదు. ఎవరి చేతి ముద్ద తింటే, ఎవరి ఒళ్లో నిద్రపోతే వాళ్లనే కదా పిల్ల అమ్మ అనేది. ప్రసవమైన తర్వాత మళ్లీ పరుగు మొదలుపెట్టిన రోజుల్లో, నువ్వు తన్విని ఒళ్లో పెట్టుకుని కాలేజీ గ్రౌండు గోడ నీడలో కూర్చునేదానివి. పాల వేళకు కొంగు ఊపితే నేను పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని. వేరే ఏ అత్తయినా అలా చేస్తుందా? మన వీధిలో ఒక్కరి పేరు చెప్పమను. నీ రుణం తీర్చుకోలేను. కానీ అత్తమ్మా, బాధగా ఉంది. ఎవరి మీదా కోపం లేకుండా వచ్చే బాధ ఇంకా కష్టం, దాన్ని ఎవరి నెత్తినా రుద్దలేం.

అందుకే ఒక నిర్ణయం తీసుకున్నాను. గెలిచినా ఓడినా శనివారంతో నా ఆట అయిపోయింది. గెలిస్తే మళ్లీ నెలల తరబడి క్యాంపులు, ఆ తర్వాత ఆసియా కప్పు. అప్పటికి తన్వి నన్ను ఫోటోలో చూసి ఎవరో ఆటల అక్క అనుకుంటుంది. ఇంకా దాచకుండా చెప్పాలంటే, ఇవాళ ప్రాక్టీసులో బూట్ల తాళ్లు కట్టుకుంటూ, ఓడిపోతే బాగుండును అనుకున్నాను. ఓడితే ఎవరూ నన్ను మళ్లీ పిలవరు, నేను ఎవరికీ వద్దని చెప్పనక్కర్లేదు. నా పక్కనే గ్లోరీ కూర్చుని నా రెండో బూటు మట్టి దులుపుతోంది. ఎనిమిదేళ్లుగా ఈ ఒక్క అర్హత కోసం ఆడుతోంది ఆ పిల్ల. దాని మొహం చూడలేకపోయాను.

ఇది మేడమ్‌కు ఇంకా చెప్పలేదు. ఇంటికి బయల్దేరే ముందు చెబుతాను. ముందు నీకే చెప్పాలనిపించింది.

నీ
మమత

*

శనివారం, ఆట అయిన తర్వాత

అత్తమ్మా,

వెళ్తున్నాం. మా జట్టు ఆసియా కప్పుకు వెళ్తోంది.

నువ్వు చూసే ఉంటావు కానీ టీవీకి కనబడనిది ఒకటుంది. అది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. గ్లోరీకి చెప్పకుండానే తెలిసిపోయింది.

ముందు గోల్ మాదే కదా. ఆ గోల్ పడ్డాక స్టేడియం అంతా మాటపడిపోయినట్టయింది. రెండో సగంలో వాళ్లు తలతో కొట్టి సమానం చేశాక జనం మళ్లీ లేచారు. అంత గోలలో మా కెప్టెన్ పక్కనే నిలబడి అరిచినా నాకు వినబడలేదు. ఇక అక్కడి నుంచి మాకు ఒకటే పని, బంతిని మా గోల్ దగ్గర నుంచి దూరంగా తన్నడం. అది మళ్లీ వస్తుంది, మళ్లీ తన్నడం. కాళ్లు నావి కావనిపించాయి.

ఆఖర్లో వాళ్లకు కార్నర్ కిక్ దొరికింది. బంతి గాల్లోకి లేచింది. గ్లోరీ ఎగిరింది కానీ అందలేదు, ఇద్దరు ముగ్గురు మీద పడి కింద పడిపోయింది. వెనక గోల్ ఖాళీ. గీత మీద నేనొక్కదాన్నే ఉన్నాను. ఎదురుగా ఎర్రంగీల పిల్ల, బంతి దాని కాలి ముందు. అలాంటప్పుడు డిఫెండర్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. చేతికి తగిలిందా, పెనాల్టీ ఇచ్చేస్తారు. నీకు తెలుసు కదా అత్తమ్మా నా ఎద ఎలా సలుపుతోందో. ఇన్ని రోజులూ ఎవరు దగ్గరికి వచ్చినా, ఆఖరికి ఎవరైనా సంతోషంతో కౌగిలించుకోబోయినా, నా చేతులు వాటంతటవే అడ్డం వచ్చేవి. ఆ క్షణంలో చేతులు ముందుకు రాకుండా వెనక్కి పోయాయి. నేను పంపలేదు. అవే పోయాయి.

బంతి సూటిగా వచ్చి ఎడమ ఎద మీద తగిలింది. తన్వి పుట్టినప్పటి నొప్పి గుర్తొచ్చింది. కళ్లు బైర్లు కమ్మాయి. బంతి నా ముందే పడితే మా కెప్టెన్ వచ్చి దాన్ని జనంలోకి తన్నేసింది. కాసేపటికి విజిల్ వేశారు. అందరూ ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. నేను మాత్రం రెండు చేతులూ గట్టిగా కట్టుకుని నిలబడ్డాను. ఎందుకంటే జెర్సీ తడిసింది. చెమట కాదు. వెచ్చగా ఉంది. తన్వికి పనికిరాని పాలు ఇంకొకళ్ల దేశంలో, ముప్పై వేలమంది ముందు కారిపోతున్నాయి. గ్లోరీ వచ్చింది, చూసింది. తన జాకెట్ తెచ్చి నాకు తొడిగి జిప్ మెడ దాకా లాగింది. అప్పుడు ఏడ్చాను.

ఓడిపోవాలనుకున్న మనిషిని నేనే కదా. కాస్త పక్కకు జరిగితే చాలు, చేతులు ముందుకు తెచ్చుకుంటే చాలు. ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు, పసిపిల్ల తల్లి అని జాలిపడేవాళ్లు కూడా. జరగలేదు. నాకు ఆడాలని ఉంది అత్తమ్మా. ఉన్నమాట అది. తన్వి కావాలి, ఇది కూడా కావాలి.

కానీ నా నిర్ణయం మారలేదు. ఇవాళ ఆయన ఒక సంగతి చెప్పాడు. మేం గెలవాలని నువ్వు మైసమ్మకు బోనం మొక్కుకున్నావట, కోడిపుంజును కూడా చూసి పెట్టావట. అది విన్నాక నా ప్రాణం ఇంకా చిన్నబోయింది. నడుం పట్టేసినా నా బిడ్డను చంకనెత్తుకుని తిరుగుతున్నావు. దానికి తోడు నా గెలుపు కోసం మొక్కులు కూడా మొక్కుతున్నావు. నీ అంత మంచితనం నాకు లేదు. ఇంకా ఎంతకని నిన్ను వాడుకోను? నాకు కావలసింది రెండు చేతులా తీసుకుని బరువంతా నీ నడుం మీద వెయ్యలేను. అర్హత తెచ్చిపెట్టాను, వెళ్లి ఆడేవాళ్లు ఆడతారు. నేను తన్వి దగ్గర ఉంటాను.

ఇక్కడి నుంచి జట్టుతో క్యాంపుకు తిరిగి వెళ్లి, అక్కడ పనులన్నీ అయ్యాక శుక్రవారం ఇంటికి వస్తున్నాను. గురువారం రాత్రి మేడమ్‌తో మాట్లాడతాను. దయచేసి వద్దనకు.

నీ
మమత

*

మంగళవారం

బిడ్డా మమతా,

మీ అత్త అండాలు రాసేది. నాకు పుస్తకాల భాష రాదు. నోటితోని మాట్లాడినట్టే రాస్తున్న, నవ్వొస్తే నవ్వుకో. విజేందర్‌ను ఫోటో దీసి పంపుమన్న గని సదవొద్దన్న. "సదవకుంట ఫోటో ఎట్ల దియ్యాలె" అంటాండు. కండ్లు మూసుకోని దియ్యి అన్న.

మీ మేడంకు ఇంక చెప్పలేదు గదా? చెప్పకు. ముందుగాల నా మాట విను.

నీ రెండో ఉత్తరం సదివినంక నాకు బువ్వ సయించలే. నువ్వు నన్ను ఒక్కమాట గుడ అనలే. అంటే మంచిగుండు. నేను గుడ నాలుగు అందును, కొట్లాడుకుందుము, పానం నిమ్మళమయ్యేది. నువ్వు దండం పెట్టుకుంట రాస్తివి, నాకు ముండ్ల మీద కూసున్నట్టాయె.

తన్వమ్మ ఫోన్ల నిన్ను చూసి ఏడ్చుడు నిజమే. గని మొదటి రెండు దినాలే. ఆ ఎనుక విజేందర్ నీ ఫోటో చూపెడితే నవ్వి, ఫోన్ గుంజుకోని నోట్లె పెట్టుకున్నది. నా కండ్లతోని చూసిన. చూసి గుడ నీకు "ఇంక ఏడుస్తాంది, ఫోన్ చెయ్యకు" అని చెప్పిన. "ఒక్కసారి మాట్లాడనియ్యే అమ్మా" అని వాడు ఎంత బతిమిలాడిండో. వానికి గుడ గదే చెప్పిన. అబద్ధమాడిన బిడ్డా. ఆడి, నువ్వు నా మాట ఇంటుంటివి గదా అని రోజూ ఆడిన.

ఎందుకంటవా. మీ మామ పోయినంక, వీడు షిఫ్టుల వడ్డంక, గీ ఇంట్ల నన్ను పేరు వెట్టి పిలిచేటోళ్లు గుడ లేరు. నువ్వొచ్చినవు, నువ్వు గ్రౌండుకు పోతివి. పిల్ల పుట్టింది. అది పొద్దుందాక నన్నే పిలుస్తది. పొయ్యి కాడ ఉంటే పిలుస్తది, బట్టలారేస్తుంటే పిలుస్తది. "అమ్మా" అన్న దినం "అవ్వ అను బిడ్డా" అని దిద్దవలసింది నేను. నోరు రాలే. నాకు తియ్యగుండె. ఇంకొక్క దినం, ఇంకొక్క దినం అనుకున్న. గట్ల నెల దాటింది.

మొక్కు సంగతి గుడ చెప్తా. నీ కోసం మొక్కిన్ననుకోని నువ్వు నన్ను ఆకాశం మీద కూసోవెట్టినవు. గాదు. మీరు ఓడితే నువ్వు ఇంటికొస్తవు, పిల్ల నీ కాడికొస్తది. గెలిస్తే మళ్ల క్యాంపు, మళ్ల విమానం, పిల్ల నా కాడనే. గందుకే గెలవాలె తల్లీ అని మొక్కిన. మైసమ్మకు నా కడుపుల ఏమున్నదో ఎరుకే. నీకు ఎరుక లేకుంట నీ దండాలు తీసుకునుడు నాతోని అయితలేదు.

శనివారం ఆట చూసినం. గల్లీ మొత్తం మనింట్లనే. గా బంతి నీ ఎద మీద వడంగనే అందరు లేసి చప్పట్లు కొట్టిండ్రు. నువ్వు చేతులు కట్టుకోని నిలవడ్డవు. గుర్వమ్మ అన్నది, "నీ కోడలికి ఎంత పొగరే, జర నవ్వరాదా" అని. నువ్వు చేతులు ఎందుకు కట్టుకున్నవో నాకు గప్పుడే తెలిసింది. లేసి లోపటి అర్రలకు పోయిన. తన్వమ్మ కొంగు పట్టుకోని నా ఎనకాలనే వచ్చి "అమ్మా" అన్నది. గంత తియ్యటి మాట గా దినం చేదాయె.

ఒక ముచ్చట ఎవ్వరికి చెప్పలే నేను. విజేందర్‌కు గుడ తెల్వదు. వాడు తన్వమ్మ అంత ఉన్నప్పుడు ఊర్ల వానల్లేవు, పనుల్లేవు. మీ మామ, నేను బొంబయి దిక్కు మట్టి పనికి పోయినం. పిల్లగాన్ని మా అత్త కాడ ఇడిచిపెట్టి పోయినం. పాలు గుంజుతుంటే గంప కింద వెట్టి, గోడ సాటుకు పోయి పిండి పారబోసుకునేదాన్ని. వచ్చేటాలకు వాడు మా అత్తను అమ్మ అంటాండు. నేను చేతులు చాపితే ఆమె కొంగు ఎనుక దాసుకున్నడు. ఆమె "నీ తల్లి గీమెనే, పోరా" అనలే. ఇంక గట్టిగ పట్టుకున్నది. వాడు నా కాడికి రానీకె శాన్నాళ్లు పట్టింది. గా నాళ్లు నేనెట్ల బతికిన్నో నాకే ఎరుక. గంత ఎరుకుండి గుడ, మా అత్త నాకు చేసిందే నేను నీకు చేసిన. ఆమె అన్నా సదువు రానిది. నేను ఐదు సదువుకోని చేసిన.

ఇగ విను. శుక్రవారం నువ్వొస్తవు. నీకు బువ్వ వెట్టి, నువ్వు తినంగ చూసి, నేను నల్లగొండ బస్సెక్కి పానగల్‌ల మా చెల్లె అమృతమ్మ ఇంటికి పోత. వద్దనకు. నేను ఇంట్ల ఉన్నన్ని దినాలు అది నా కొంగు ఇడువదు, నేను గుడ ఇడిపించుకోను. నాకు నా సంగతి తెలుసు. గా దినం పొద్దుగూకంగనే పిల్ల ఏడుస్తది. నా కోసం ఏడుస్తది. చూసి నువ్వు ఏడ్వకు, నాకు ఫోన్ చెయ్యకు, చేసినా నేను ఎత్తను. దాన్ని ఎత్తుకోని వాకిట్ల తిరుగు. తన్నుతది, కొరుకుతది, తన్ననియ్యి. అలిసి అలిసి నీ భుజం మీదనే తలకాయ వెడతది. మా అత్త నాకు గా రాత్రి ఇయ్యలే. నేను నీకు ఇస్త.

ఆట మానకు. నువ్వు మానితే పిల్ల కోసం మానినట్టు గాదు, నా అబద్ధం కోసం మానినట్టయితది. గది నేను మోయలేను. నడుం నొప్పి మోస్త గని గిది మోయలేను. మళ్ల క్యాంపుకు పిలిస్తే ముగ్గురం పోదం. మేడంను అడుగు. క్యాంపుల ఉండనియ్యకుంటే పక్కల ఏదన్న అర్ర కిరాయికి చూసుకుంట. బొంబయిల గుడిసె ఏసుకోని ఉన్నదాన్ని, నాకేం ఫికర్ లేదు. పగలు పిల్ల నా కాడ, పొద్దుగూకినంక నీ కాడ. విజేందర్‌కు వండుడు నేర్పిస్తున్న. నిన్న చారు చేసిండు. ఉప్పు మరిచిండు, గని తిన్న.

ఇయ్యాల్టి సంది పిల్లకు నీ వీడియో చూపెడుతున్న. నువ్వు బంతి ఎనుక ఉరుకుతుంటే చూసి చప్పట్లు కొడతాంది. గామె అమ్మ, నేను అవ్వ అని చెప్తున్న. ఇంక తిరగబడి నన్నే అంటాంది. దిద్దుతున్న.

పానగల్ నుంచి నా అంతట నేను రాను. పిల్ల నీ మెడకాయ గట్టిగ పట్టుకున్నదని నీకు నిమ్మళమైన దినం నువ్వే పిలువు. ఎన్ని దినాలైనా ఉంట.

గని బిడ్డా, జర జల్ది పిలువు.

మీ అత్త
అండాలు